యూరిక్ యాసిడ్ మాత్ర, బాపు చర్మం, మా కన్జూమర్ కేసు

మా బాపుకి కీళ్ల నొప్పి లేదు. కాలి బొటనవేలు ఎన్నడూ వాచలేదు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే మౌలాలీ గుట్ట కింద దాకా నడిచి, వచ్చేటప్పుడు పాల ప్యాకెట్లు, పేపరు తెచ్చేవాడు. షుగరు, బీపీ ఉన్నాయి, వాటి మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటాడు. పోయిన ఏడాది మా కాలనీలో ఒక ల్యాబ్ వాళ్లు ఫుల్ బాడీ చెకప్ అని క్యాంపు పెడితే అందరితో పాటు తనూ రక్తం ఇచ్చాడు. రిపోర్టులో రెండు అంకెలు మాత్రం లావు అక్షరాల్లో వచ్చాయి. యూరిక్ యాసిడ్ 8.2, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.7.

ఆ రిపోర్టు పట్టుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. ఓపీలో డాక్టర్ గారు మొదటి అంకె చూసి, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ 300 మిల్లీగ్రాములు రాశారు. రోజుకొకటి, రాత్రి భోజనం తర్వాత, మూడు నెలలు. రెండో అంకె గురించి ఒక్క మాట లేదు. "ఒంటి మీద దద్దుర్లు వస్తే, నోరు పూస్తే, వెంటనే మాత్ర ఆపేసి నా దగ్గరికి రండి" అన్న మాట కూడా లేదు. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పి ఉంటే బాపు కళ్లు ఈ రోజు ఇట్లా ఉండేవి కావు. ఈ పోస్టు రాయడానికి నాకున్న కారణం అదే.

మూడో వారంలో జ్వరం మొదలైంది. గొంతు మంట, ఒళ్లు నొప్పులు, కళ్లు ఎర్రబడడం. వానాకాలం, ఊరంతా జ్వరాలే. మా వీధిలోని క్లినిక్‌కి వెళితే వైరల్ ఫీవర్ అని పారాసిటమాల్, ఒక యాంటీబయాటిక్ ఇచ్చి, "మిగతా మాత్రలు ఎప్పట్లాగే వేసుకోండి" అన్నారు. కొత్తగా ఏం మందు మొదలుపెట్టారని ఎవరూ అడగలేదు. మర్నాటికి ఛాతీ మీద ఎర్రటి మచ్చలు, మధ్యలో ముదురు రంగు. ఆ పై రోజుకి పెదాలు పగిలి రక్తం. "బిడ్డా, కండ్లల్ల ఇసుక పోసినట్టున్నది, నీళ్లు కూడ మింగుడు పడ్తలేదు" అన్నాడు బాపు.

పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, "అమ్మవారు పోసింది, మందులు మింగించొద్దు, ఆసుపత్రికి తీసుకపోవద్దు" అని వేపాకు తెచ్చి మంచం మీద పరిచింది. ఆమె ప్రేమను నేను తప్పుపట్టను. మా ఊళ్లలో ఒంటి మీద పొక్కులొస్తే ముందు అమ్మవారే గుర్తొస్తుంది, లేదంటే వేడి చేసిందంటారు. కానీ ఆటలమ్మలో పొక్కులు నీళ్లతో నిండి, విడివిడిగా వస్తాయి. ఇక్కడ మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి, ముట్టుకుంటే మంట, నోరు, కళ్లు, మూత్రం పోసే చోటు అన్నీ పూశాయి. ఈ తేడా తెలిసినవాళ్లు ఇంటికొకరుంటే ఎంత బాగుండు.

రాత్రి అమ్మ తడిగుడ్డతో వీపు తుడుస్తుంటే చర్మం ఉడికిన టమాటా తొక్కలా జారి గుడ్డకు అంటుకుని వచ్చింది. కింద ఎర్రగా, తడిగా మాంసం. అమ్మ గుడ్డను అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. ఇంకేం ఆలోచించలేదు, ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేశాం.

108 తీసుకెళ్లిన ఆసుపత్రి ఎమర్జెన్సీలో చర్మవ్యాధుల విభాగం నుంచి వచ్చిన పీజీ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "గత రెండు నెలల్లో కొత్తగా ఏ మందు మొదలుపెట్టారు?" మాత్రల డబ్బా మొత్తం ఆమె ముందు కుమ్మరించాను. అల్లోప్యూరినాల్ స్ట్రిప్ ఎత్తి పట్టుకుని, "ఇది ఎన్ని రోజుల నుంచి?" అంది. ఆ స్ట్రిప్‌లో అప్పటికింకా మాత్రలు మిగిలి ఉన్నాయి.

రోగం పేరు స్టీవెన్స్–జాన్సన్ సిండ్రోమ్. 1922లో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పిల్లల డాక్టర్లు మొదట వివరించారు కాబట్టి ఆ పేరు. ఒంటి మీది చర్మంలో పదో వంతు లోపు ఊడితే ఆ పేరు, 30 శాతం దాటితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్, క్లుప్తంగా టెన్ అంటారు. 1956లో అలన్ లయెల్ అనే బ్రిటిష్ డాక్టర్ దీని గురించి రాశాడు. మధ్యలో ఉంటే రెండూ కలిసిన దశ. రోగి అరచేయి వైశాల్యం ఒంట్లో సుమారు ఒక శాతం అని లెక్కగట్టి, బాపుకి 18 శాతం అని కేస్ షీట్‌లో రాశారు. అంటే మధ్య దశ. మొదటి రకంలో నూటికి పది మంది దాకా చనిపోతారు, టెన్‌లో ముప్ఫై మంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఆ సంఖ్యలు ఆ డాక్టరమ్మ కారిడార్‌లో నిలబడి మెల్లగా చెప్పింది. దాచిపెట్టనందుకు ఆమెకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

జరిగేదేమిటంటే, ఒంట్లోని రక్షణ కణాలే మందును పట్టుకున్న చర్మకణాలను శత్రువులనుకుని చంపేస్తాయి. పైపొర కింది పొరను వదిలేస్తుంది. మందు మొదలుపెట్టిన వారం నుంచి నాలుగు వారాల మధ్య ఎక్కువగా వస్తుంది, ఎనిమిది వారాల దాకా కూడా రావచ్చు. నెలల తరబడి వాడుతున్న పాత బీపీ మాత్ర కంటే, ఈ మధ్య చేరిన కొత్త మాత్ర మీదే ముందు అనుమానం పడాలి. ఫిట్స్‌కి ఇచ్చే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, సల్ఫా మందైన కోట్రైమాక్సజోల్, హెచ్ఐవీకి వాడే నెవిరపైన్, పిరాక్సికామ్ లాంటి కొన్ని నొప్పి మాత్రలు, ఇంకా అల్లోప్యూరినాల్. డాక్టర్లకు ఈ జాబితా పీజీలో చేరక ముందే తెలుసు. మాకు తెలియదు, అంతే.

వార్డులో చికిత్స అంటే ఎక్కువ భాగం ఓపిక. అనుమానం ఉన్న మందులన్నీ ఆపేశారు. సెలైన్, ముక్కు గొట్టం ద్వారా ఆహారం, నొప్పికి మందు, రక్షణ కణాల దూకుడు తగ్గించే సైక్లోస్పోరిన్. చర్మం అంటుకోకుండా మంచం మీద అరటి ఆకులు. అవును, అరటి ఆకులే. ఆకు చల్లగా, నున్నగా ఉంటుంది, పుండుకు అంటుకోదు, తీసేటప్పుడు చర్మం లేచిరాదు. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో తెల్లవారుజామున దిగే ఆకుల్లో చిరుగు లేనివి ఏరి, ఈనె తీయించి తెచ్చేదాన్ని. వాటిని శుభ్రం చేసి పరిచేవాళ్లు. పెళ్లి భోజనాలకా అని అడిగిన అమ్మాయికి విషయం చెబితే, ఆ తర్వాత నుంచి తనే మంచివి పక్కన పెట్టేది. బీపీ పట్టీ కట్టినచోట కూడా చర్మం లేచింది, అందుకని పట్టీ కింద మెత్తటి గాజ్ గుడ్డ చుట్టేవాళ్లు. సిస్టర్లు ఒక్క టేపు ముక్క కూడా ఒంటికి తగలనిచ్చేవాళ్లు కాదు.

చర్మం మళ్లీ వచ్చింది. ఇప్పుడు బాపు చేతుల మీద అక్కడక్కడా తెల్లగా, నల్లగా మచ్చలున్నాయి, గోళ్లు కొన్ని ఊడి వంకరగా పెరిగాయి. కళ్లు మాత్రం అట్లా కాదు. ఈ జబ్బులో రెప్పల లోపలి పొర కూడా పూసి, మానేటప్పుడు గరుకుబారుతుంది. రెప్ప ఆడినప్పుడల్లా నల్లగుడ్డు మీద రాసుకుంటుంది. మొదటి వారంలోనే కంటి డాక్టరు చూడాలని, అవసరమైతే కాన్పుల్లో దొరికే ఉమ్మనీటి సంచి పొరను కంటి మీద పరుస్తారని మాకు వార్డులో చెప్పారు. ఆ తర్వాత బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి పంపారు. 1987 నుంచి నడుస్తున్న ఆ సంస్థలో ఈ జబ్బు మిగిల్చిన కళ్లకు చాలా పని జరిగింది: పెదవి లోపలి పొర తీసి రెప్ప అంచుకు అతకడం, నీటిని పట్టి ఉంచే పెద్ద కాంటాక్ట్ లెన్సులు. అక్కడ వెయిటింగ్ హాల్లో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్న వాళ్లలో ఫిట్స్ మందు వల్ల ఇట్లా అయిన పిల్లలు కూడా కనిపించారు. కళ్ల బాధ ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి, ఎవరికైనా ఈ జబ్బు వస్తే మొదటి రోజే కంటి డాక్టర్‌ను పిలవమని అడగండి. చర్మం మీద దృష్టిలో పడి ఇది వెనకబడిపోతుంది.

బాపు ఇంటికొచ్చాక బంధువులంతా ఒకటే మాట: "కేసు వేయండి." డల్లాస్‌లో ఉండే మా మేనత్త కొడుకు, "కంపెనీ మీద వేస్తే కోట్లొస్తాయి" అన్నాడు. మా బాబాయి పోలీసు కేసు పెట్టమన్నాడు. నాంపల్లిలో ఆఫీసు ఉన్న ఒక లాయర్ మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె మొదటే చెప్పింది: "సైడ్ ఎఫెక్ట్ వచ్చిందని మాత్రమే కేసు నిలబడదమ్మా. మందుకు సైడ్ ఎఫెక్ట్ ఉండడం ఎవరి నేరమూ కాదు. ఈ మందు అవసరమా, డోసు సరైనదేనా, జాగ్రత్త చెప్పారా, లక్షణాలు కనిపించాక ఏం చేశారు? చట్టం చూసేది ఇవి."

అవసరమా అన్నదగ్గరే నాకు కడుపు రగిలిపోతుంది. అల్లోప్యూరినాల్ చెడ్డ మందు కాదు. యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచే గౌట్ ఉన్నవాళ్లకు, కొన్ని రకాల కిడ్నీ రాళ్లకు, కీమో తీసుకునేవాళ్లకు ఎన్నో దశాబ్దాలుగా మేలు చేస్తోంది. కానీ నొప్పి, వాపు, రాళ్లు ఏమీ లేకుండా రిపోర్టులో అంకె మాత్రమే ఎక్కువుంటే, మందు మొదలుపెట్టవద్దనే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెట్టాల్సి వచ్చినా 100 మిల్లీగ్రాములు మించకుండా మొదలుపెట్టాలి, కిడ్నీ బలహీనంగా ఉంటే అంతకన్నా తక్కువ. కిడ్నీ సరిగా పనిచేయనప్పుడు ఈ మందు తాలూకు పదార్థం ఒంట్లో పేరుకుపోతుంది. బాపుకి క్రియాటినిన్ 1.7 ఉండగా నేరుగా 300 ఇచ్చారు. ఇంకో సంగతి తర్వాత తెలిసింది. బాపు వాడే బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంది, అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. బీపీ మాత్ర మార్చి చూస్తే సరిపోయేదేమో. ఎవరూ ఆ మాత్ర పేరు అడగలేదు.

మరి కంపెనీ సంగతి? నాకూ మొదట అదే అనిపించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి వల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యతకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. సరైన హెచ్చరిక ఇవ్వకపోవడం కూడా అందులోకి వస్తుంది. కానీ 87వ సెక్షన్‌లో ఒక మినహాయింపు: నిపుణుడి పర్యవేక్షణలోనే వాడాల్సిన వస్తువైతే, కంపెనీ ఆ నిపుణుడికి హెచ్చరిక అందేలా తగిన ఏర్పాటు చేసి ఉంటే, హెచ్చరిక లేదన్న కారణంతో దాన్ని పట్టుకోలేం. ప్రిస్క్రిప్షన్ మందు అంటే అదే కదా. కంపెనీ కరపత్రంలో "దద్దుర్లు కనిపించగానే ఆపాలి" అని ఉంది. పైన "రిజిస్టర్డ్ వైద్యుల కోసం మాత్రమే" అని ఉంది. ఇక మన మెడికల్ షాపుల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పెద్ద డబ్బాలోంచి స్ట్రిప్ తీసి, పది మాత్రలు చాలంటే కత్తెరతో కత్తిరించి, కాగితపు కవర్లో వేసి ఇస్తారు. కరపత్రం డబ్బాలోనే ఉండిపోతుంది. అంటే హెచ్చరిక కంపెనీ నుంచి డాక్టర్ దాకా వచ్చి అక్కడ ఆగుతుంది. అక్కడి నుంచి రోగి చెవిన పడేయగలిగింది డాక్టర్ నోరొక్కటే. ఆ నోరు విప్పకపోతే మధ్యలో ఇంకెవరూ లేరు. అందుకే బాధ్యత అక్కడే ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా డల్లాస్ బావకి ఇంకో సంగతి చెప్పాను. అమెరికాలోనూ కంపెనీ మీద గెలవడం అంత తేలిక కాదు. న్యూ హాంప్‌షైర్‌లో కరెన్ బార్ట్‌లెట్ అనే ఆవిడ భుజం నొప్పికి సులిండాక్ జెనరిక్ మాత్ర వేసుకుంటే ఒంటి చర్మంలో అరవై శాతానికి పైగా పోయింది, చూపు దాదాపు పోయింది. జ్యూరీ 2.1 కోట్ల డాలర్లు ఇమ్మంది. 2013లో అక్కడి సుప్రీంకోర్టు ఆ తీర్పును 5–4తో కొట్టేసింది. జెనరిక్ కంపెనీ తనంతట తాను మందునూ లేబుల్‌నూ మార్చే వీల్లేదు కాబట్టి దాని మీద కేసు చెల్లదంది. ఆవిడ గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన దగ్గర ఈ జబ్బు మీదే ఒక పెద్ద తీర్పు ఉంది. అనురాధ సాహా పిల్లల మానసిక నిపుణురాలు. భర్త కునాల్ సాహా అమెరికాలో డాక్టర్. 1998లో కోల్‌కతాకు సెలవులకు వచ్చినప్పుడు ఆమెకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. డెపో-మెడ్రాల్ అనే, ఒంట్లో చాలాకాలం నిలిచి పనిచేసే స్టెరాయిడ్‌ను 80 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇంజెక్షన్ రాశారు. టెన్ ముదిరింది, మే 28న ముంబైలో ఆమె చనిపోయింది. 2009లో సుప్రీంకోర్టు డాక్టర్లదీ ఆసుపత్రిదీ నిర్లక్ష్యమేనంది. 2013 అక్టోబర్ 24న పరిహారం సుమారు 5.96 కోట్లు, దాని మీద ఏటా 6 శాతం వడ్డీ అని తేల్చింది. వడ్డీతో కలిపి 11 కోట్లు దాటింది. ఈ మొత్తం విని చాలామంది ఆశపడతారు. దాని వెనక పదిహేనేళ్లు ఉన్నాయి, స్వయంగా వైద్యం తెలిసిన భర్త ఉన్నాడు. ఆ తీర్పులో నాకు పనికొచ్చింది వేరే. ఈ జబ్బులో మందు డోసు ఎంత, పుండ్లకు, ఆహారానికి, ఇన్ఫెక్షన్ రాకుండా ఏం చూసుకున్నారు అన్నవి కోర్టు వివరంగా తడిమింది.

పోలీసు కేసు దారి మేం పట్టలేదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, డాక్టర్‌ను క్రిమినల్‌గా పట్టుకోవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందు వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి. మేం కోరుకున్నది జైలు కాదు కూడా. బాపుదైతే మరీ మెత్తని మనసు. "ఆయన పిల్లలు నా మనవండ్ల అసుంటోళ్లే, జైలు గియిలు వద్దు బిడ్డా, కానీ ఇంకొకరికి ఇట్ల రాయకుండ చూడు" అన్నాడు.

కాబట్టి వినియోగదారుల కమిషన్. 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు నుంచి డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. అందరికీ ఉచితంగా చేసే ప్రభుత్వ ఆసుపత్రి మీదైతే ఇక్కడ కుదరదు, సివిల్ కోర్టుకు వెళ్లాలి. రెండేళ్లలోపు వేయాలి. ఇది మాత్రం మర్చిపోకండి, చాలామంది జబ్బు నయం చేసుకునే సందట్లో ఈ గడువు దాటేస్తారు. ఏ కమిషన్ అన్నది మనం అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మనం చెల్లించిన మొత్తాన్ని బట్టి. 50 లక్షల దాకా జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆ పైన ఢిల్లీలోని జాతీయ కమిషన్. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. వైద్యం కేసుల్లో మాత్రం లాయర్ ఉండడమే మంచిదని నా అభిప్రాయం. ఎదుటివాళ్ల తరఫున వచ్చేవాళ్లు ఇదే పనిలో ఆరితేరినవాళ్లు.

కేసంతా కాగితాల మీదే నడుస్తుంది. ఓపీ చీటీ, మెడికల్ షాపు బిల్లు, మిగిలిన మాత్రలున్న స్ట్రిప్, క్యాంపు రిపోర్టు, మొదటి రోజు నుంచి ఫోన్‌లో తీసిన ఫోటోలు తేదీలతో సహా. స్ట్రిప్‌ని అమ్మ పారేయబోతే ఆపి కవర్లో పెట్టాను, దాని మీద బ్యాచ్ నంబర్ ఉంటుంది. బిల్లు మీదా ఉంటుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఉత్త "డ్రగ్ రియాక్షన్" అని రాస్తే ఒప్పుకోకండి, అనుమానిస్తున్న మందు పేరు రాయించండి. బాపు సమ్మరీలో అల్లోప్యూరినాల్ అని పేరు పెట్టి రాసిన ఆ ఒక్క లైను మా కేసుకు వెన్నెముక. మెడికల్ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల్లో ఉంది. మందు రాసిన ఆసుపత్రి వాళ్లు నోటితో అడిగితే "రేపు రండి" అంటూ తిప్పారు. రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకున్నాక పని జరిగింది. ఏ ఆఫీసులోనైనా ముద్ర పడ్డ కాగితానికి ఉండే విలువ మనిషికి ఉండదు, ఇది బాపు తన ఆర్టీసీ రోజుల నుంచి చెబుతున్న మాటే.

నిపుణుడి సాక్ష్యం లేకుండా వైద్యం కేసు వినరని కొందరు భయపెడతారు. అది ప్రతి కేసుకూ అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన హైదరాబాద్ కేసే. వి.కిషన్ రావు అనే ఆయన భార్యకు మలేరియా వస్తే టైఫాయిడ్ అని వైద్యం చేశారు, ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం ఇచ్చిన పరిహారాన్ని రాష్ట్ర కమిషన్ కొట్టేస్తే, ఆయన ఢిల్లీ దాకా వెళ్లి నిలబెట్టుకున్నాడు. అయినా మా లాంటి కేసులో ఏ మందు వల్ల వచ్చింది, ఏ డోసు సరైనది అని తేల్చాలి కాబట్టి, డాక్టర్ అభిప్రాయం ఉంటే బలం. అడిగితే ఇద్దరు ముగ్గురు "తోటి డాక్టర్ మీద ఎట్లా రాస్తాం" అని తప్పుకున్నారు. చివరికి బాపును బతికించిన విభాగంలోని పెద్ద డాక్టర్ గారు, "నేను ఎవరి మీదా రాయను, జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను" అని ఒప్పుకున్నారు. మాకు కావలసింది అంతకంటే ఏముంది?

ఆసుపత్రి వాళ్లు జవాబు వేశారు. ఇది చాలా అరుదైన రియాక్షన్, ముందుగా ఎవరూ కనిపెట్టలేరు, జాగ్రత్తలన్నీ నోటితో చెప్పాం అన్నారు. అరుదన్నది నిజమే, ఒప్పుకుంటాను. ఎవరికి వస్తుందో కచ్చితంగా చెప్పలేమన్నదీ నిజమే. హెచ్ఎల్ఏ-బి 58:01 అనే జన్యువు ఉన్నవాళ్లకు అల్లోప్యూరినాల్‌తో ముప్పు ఎక్కువ, దానికి రక్తపరీక్ష ఉంది. ఆ పరీక్ష చేయించలేదని నేను వాదించడం లేదు, మన దగ్గర అది మామూలుగా చేయించే పరీక్ష కాదు. నేనడిగేది చిన్నది. అరుదు కాబట్టే ముందే చెప్పాలి, వచ్చినప్పుడు గుర్తుపట్టేది ఇంట్లోవాళ్లే కాబట్టి. చెప్పామంటున్నారు, ఓపీ చీటీ మీద మాత్రం ఒక్క ముక్క లేదు. అదే చీటీ మీద ఉప్పు తగ్గించమని, మాంసం మానేయమని రాశారు.

డాక్టర్ మీద తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కి కూడా ఫిర్యాదు ఇచ్చాం. వాళ్లు డబ్బు ఇప్పించరు. తప్పు తేలితే హెచ్చరించగలరు, రిజిస్టర్ నుంచి పేరు కొంతకాలం తీసేయగలరు. బాపు అడిగిన "ఇంకొకరికి రాయకుండ" అన్నదానికి దగ్గరి దారి ఇదే అనిపించింది.

కేసు వేసినా వేయకపోయినా ప్రతి ఒక్కరూ చేయాల్సింది ఇంకొకటుంది, చాలామందికి దీని సంగతే తెలియదు. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా అని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతుంది. మందు వల్ల హాని జరిగితే రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ నేరుగా చెప్పొచ్చు. టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. ఫారం తెలుగులో కూడా ఉంది. పూర్తి పేరు అక్కర్లేదు, వివరాలు గోప్యంగా ఉంచుతారు. రిపోర్టు ఇచ్చినంత మాత్రాన డాక్టర్ తప్పు ఒప్పుకున్నట్టు కాదని కూడా వాళ్లే చెబుతారు, కాబట్టి డాక్టర్లూ భయపడాల్సింది లేదు. ఇట్లాంటి రిపోర్టులు పోగైతేనే హెచ్చరికలు వస్తాయి. నెలసరి నొప్పికి ఇళ్లల్లో మంచినీళ్లలా వాడే మెఫెనమిక్ యాసిడ్ వల్ల డ్రెస్ అనే తీవ్రమైన రియాక్షన్ రావచ్చని 2023 నవంబర్‌లో ఇండియన్ ఫార్మకోపియా కమిషనే డాక్టర్లనూ జనాన్నీ హెచ్చరించింది. బాపు సంగతి వార్డు వాళ్లు పంపామన్నారు, నేనూ ఫోన్ చేసి చెప్పాను.

కొత్త మందు మొదలుపెట్టిన రెండు నెలల్లోపు జ్వరంతో పాటు దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడడం, చర్మం ముట్టుకుంటే మంట, వీటిలో ఏ రెండు కలిసి వచ్చినా ఆ రోజే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి, మాత్రల డబ్బా మొత్తం పట్టుకెళ్లండి. ఫిట్స్ మందులాంటిదైతే మీ అంతట మీరు ఆపి ఇంట్లో కూర్చోకండి. అది ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే, గంటల్లో డాక్టర్‌ను కలిసి మార్పించుకోండి. ఒకసారి ఈ రియాక్షన్ వచ్చినవాళ్లు ఆ మందు జీవితంలో మళ్లీ ముట్టకూడదు. బాపు పర్సులో ఆధార్ కార్డు వెనక ఒక కార్డు పెట్టాం, మందు పేరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా కుర్చీలో కూర్చోకముందే అది తీసి బల్ల మీద పెడతాడు.

మా కేసు ఇప్పుడు సాక్ష్యాల దశలో ఉంది. వచ్చే వాయిదాకు డాక్టర్ గారి అఫిడవిట్, కళ్ల చికిత్సకు ముందు ముందు అయ్యే ఖర్చు అంచనా దాఖలు చేయాలి. రికార్డుల కోసం ఆసుపత్రికి మేం ఇచ్చిన దరఖాస్తు నమూనా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైప్ చేసి పెట్టుకున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటిది జరిగి ఉంటే అడగండి, పంపిస్తాను.